రెండువేళ్ల సందు

అక్టోబరు తొమ్మిదో తేదీ సాయంత్రం. తెల్లవారితే ఎల్క్ దుప్పుల వేట మొదలవుతుంది. అడవి రోడ్డు తెగిపోయే చోట, పసుపు తిరిగిన లార్చ్ చెట్ల కింద, వేటకాళ్ల ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి నిలిచి ఉన్నాయి. ఎల్విన్ స్కార్ భుజానికి గోనెగుడ్డ సంచీ తగిలించుకుని మొదటి ట్రక్కు దగ్గరికి నడిచి, వెనక అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు.

"వచ్చాడ్రా గాలి పాస్టరు" అంది లోపల్నుంచి గస్ హెండ్రిక్సన్ గొంతు. "ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా."

"అద్దం ఎంత తెరిచావ్?"

"నీ మొహం కనిపించేంత. అదే ఎక్కువైంది."

"వేళ్లు పెట్టి చూపించు."

గస్ దుప్పట్లో నుంచి చెయ్యి చాపి, అద్దం సందులో రెండు వేళ్లు దూర్చి ఆడించాడు. డెబ్బై దాటిన మనిషి. కలప నరికి నరికి వంకరపోయిన వేళ్లు. ఎల్విన్ తృప్తిగా తలూపి, సంచీలోంచి ఒక అడ్డుచెక్క తీసి ఇచ్చాడు. దేవదారు చెక్కతో చేసిన చిన్న ముక్క అది. ఒక కొస పలుచగా ఉంటుంది. రెండో కొస సరిగ్గా రెండు వేళ్ల మందం. అద్దం సందులో దాన్ని ఇరికిస్తే, నిద్రలో ఎవరు తన్నినా, గాలి ఎంత తోసినా అద్దం పూర్తిగా మూసుకోదు.

"పోయినేడు ఇచ్చింది ఏమైంది?"

"మా ఆవిడ వంటింటి బల్ల కాలికింద పెట్టింది. పదిహేనేళ్లుగా ఊగుతున్న బల్ల, నీ దయవల్ల నిలబడింది. నిన్ను రోజూ తల్చుకుంటుంది, భోజనాల వేళ."

ఎల్విన్ నవ్వీ నవ్వనట్టు నవ్వి, రెండో ట్రక్కు వైపు కదిలాడు.

అతనికి డెబ్బై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లు ఇంటి కప్పుకి పరిచే పెంకుచెక్కలు కోసే మిల్లులో రంపం దగ్గర నిలబడ్డాడు. చలికాలమంతా ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని ఈ అడ్డుచెక్కలు కోసి, అంచులు నునుపు చేసి, సంచీలో వేసుకుంటాడు. వేట మొదలయ్యే ముందురోజు ఇక్కడికొచ్చి ట్రక్కు ట్రక్కుకీ తిరిగి పంచుతాడు. తుపాకీ తెచ్చుకోడు. అతని చేతిలో తుపాకీ చూసి ఇరవై తొమ్మిదేళ్లయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరీ ముసలాయన అని అడిగితే, పాతవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లన్న లొవెల్ ఇక్కడే పోయాడు. ట్రక్కు వెనక తొట్టిలో గ్యాస్ హీటరు పెట్టుకుని, తలుపు మూసుకుని పడుకున్నాడు. హీటరు విషవాయువు నిద్రలోనే చంపేసింది. మళ్లీ ఎవరికీ అలా జరగకూడదని ఈయన తిరుగుతుంటాడు.

వాళ్లు చెప్పేదాంట్లో ఒక్కటి తప్పు. తలుపు మూసింది లొవెల్ కాదు.

లొవెల్ నాలుగేళ్లు పెద్ద. ట్రక్కు తొట్టి మీద ప్లైవుడ్‌తో తనే గూడు కట్టి, వెనకవైపు పైకి లేచే అద్దపు తలుపు బిగించాడు. అన్నదమ్ములిద్దరూ ప్రతి అక్టోబరులో అందులో తలో దిక్కుకి తల పెట్టుకుని పడుకునేవాళ్లు. ఒకడి కాళ్లు ఇంకొకడి చెవి పక్కన ఉండేవి. "నీ మేజోళ్లతో చచ్చేకంటే చలితో చావడం నయం" అని లొవెల్ రోజూ అనేవాడు. నిద్రపోయే ముందు హీటరు ఆర్పేసేవాడు. ఆర్పినా సరే, తన ఎడమచేతి తొడుగు మడిచి తలుపు కింద పెట్టి రెండువేళ్ల సందు ఉంచేవాడు. ఎవరు నవ్వినా ఆ సందు మానేవాడు కాదు. ఇంట్లో భార్య వాండా వంటింటి కిటికీ మూస్తే, వెనకాలే వెళ్లి రెండు వేళ్ల మేర తెరిచి వచ్చేవాడు.

ఆ ఏడు మూడో రోజు తెల్లవారుజామున మంచు పడుతోంది. వచ్చినప్పటినుంచీ లొవెల్‌కి జలుబు. "నువ్వెళ్లరా. నేనింకో గంట పడుకుని వస్తా. పెద్దదేమైనా కనబడితే నాకు ఉంచు" అన్నాడు, కళ్లు తెరవకుండానే. ఎల్విన్ బూట్లు తొడుక్కున్నాడు. అన్న వణుకుతున్నాడని, దిగేముందు హీటరు వెలిగించాడు. కిందికి దిగి చూస్తే సందులోంచి గాలి మంచుని తోసుకొచ్చి లొవెల్ గడ్డం మీద చల్లుతోంది. ఎల్విన్ తొడుగు లాగి జేబులో పెట్టుకున్నాడు. అన్నకి మెలకువ రాకుండా, రెండు చేతులతో తలుపుని మెల్లగా నొక్కి మూశాడు. రబ్బరు అంచు చప్పుడు లేకుండా పట్టుకుంది. ఒక గంటే కదా అనుకున్నాడు.

మధ్యాహ్నానికి కొండ అంచున ఒక మగ దుప్పిని కొట్టాడు. కొమ్ములు ఒక్కోవైపు ఐదు కొనలు. అంత పెద్దది అన్న కూడా ఎప్పుడూ కొట్టలేదు. అన్న ఇంకా రాలేదంటే నిద్రమత్తు వదలక పడుకునే ఉన్నాడన్నమాట, ఇక ఏడాదంతా ఏడిపించొచ్చు అనుకుంటూ, ఏ మాటతో మొదలుపెట్టాలో నోట్లో తిప్పుకుంటూ కిందికి దిగి వచ్చాడు. వచ్చి తలుపు తెరిచాడు.

సాయంత్రం షెరిఫ్ తరఫున వచ్చిన పోలీసు అంతా చూసి, కాగితం మీద రాసుకుంటూ అన్నాడు. "చలేసి హీటరు వెలిగించుకుని, తలుపు లాక్కున్నట్టున్నాడు. అంతేగా?"

ఎల్విన్ తలూపాడు.

అతను చెప్పిన మొదటి అబద్ధం అదే. నోరు కూడా మెదపలేదు. కొన్నాళ్లకి వాండా, "ఆయన ఎడమ తొడుగు దొరకలేదు, నీకెక్కడైనా కనిపించిందా?" అని అడిగితే మాత్రం నోరు మెదిపాడు. "అడవిలో పడిపోయుంటుంది వదినా" అన్నాడు. అప్పటికి ఆ తొడుగు అతని కోటు లోపలి జేబులో ఉంది. ఇప్పటికీ ఉంది.

చెబుదామని అనుకోని సంవత్సరం లేదు. ఈ మార్చిలో వాండా ఆస్పత్రిలో ఉందంటే, చెప్పేద్దామనే వెళ్లాడు. మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ అతని చేతి మీద చెయ్యి వేసి, "నువ్వింకా ఆ చెక్కముక్కలు మోసుకు తిరుగుతున్నావట. ఇక చాలించు. ఆయన అజాగ్రత్తకి నువ్వెందుకు అరిగిపోవాలి?" అంది. ఎల్విన్ చెప్పకుండానే ఆవిడ దుప్పటి సర్ది వచ్చేశాడు. పదిరోజులకి ఆవిడ పోయింది.

మిగిలింది వాళ్ల కూతురు డెనీస్. తండ్రి పోయినప్పుడు పదకొండేళ్ల పిల్ల. ఇప్పుడు నలభై. కౌంటీ రోడ్ల మీద చలికాలం మంచు తీసే యంత్రం నడుపుతుంది.

ఎల్విన్ ఏడో ట్రక్కు దగ్గర ఉండగా, కింద మలుపులో ఇంజను చప్పుడు వినబడింది. ఆ చప్పుడు అతనికి తెలుసు. రెండో గేరులో కాస్త దగ్గి, తర్వాత సర్దుకుంటుంది. ఆకుపచ్చ ట్రక్కు పైకి ఎక్కి వచ్చింది. తొట్టి మీద అదే ప్లైవుడ్ గూడు. లొవెల్ పోయాక ఆ ట్రక్కుని వాండా ఇన్నేళ్లూ షెడ్డులో గుడ్డ కప్పి ఉంచింది.

డెనీస్ దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. భుజాలు అచ్చం లొవెల్‌వి.

"ఏంటి బాబాయ్, దయ్యాన్ని చూసినట్టు చూస్తావ్? ట్రక్కేగా."

"నడుస్తుందా ఇది?"

"నెల్లాళ్లు పట్టింది. పైపులన్నీ ఎలుకలు కొట్టేశాయి. కార్బురేటర్లో గూడు కట్టుకున్నాయి. అమ్మకి చెప్పేదాన్ని, మనకంటే ఎలుకలే నాన్నని ఎక్కువ ప్రేమించాయి అని." ఒక్క క్షణం ఆగింది. "అంటే, ఉండుంటే."

"ఎందుకు తెచ్చావమ్మా?"

"ఈ వేట అయ్యాక తుక్కుకి ఇచ్చేస్తా. అమ్మ ఉన్నన్నాళ్లూ ముట్టనివ్వలేదు. ఆయన పడుకున్న చోట ఒక్క రాత్రి పడుకుని, ఓ నాలుగు తిట్లు తిట్టి, వదిలించుకుందామని."

ఎల్విన్ సంచీలో చెయ్యి పెట్టి, అలవాటుగా ఒక అడ్డుచెక్క తీసి చాపాడు. డెనీస్ దాన్ని చూసింది. తీసుకోలేదు.

"ఇది తెలియనివాళ్లకి ఇవ్వు బాబాయ్. తెలిసినవాడికే పనికి రాలేదు."

ఆ రాత్రి మంట దగ్గర గస్ పెద్ద కుండలో చిక్కుడుగింజలూ మాంసమూ కలిపి ఉడికించాడు. స్పోకేన్ నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు మొక్కజొన్న రొట్టె తెచ్చారు. పది పన్నెండుమంది పళ్లేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గస్ డెనీస్ పళ్లెంలో ఇంకో గరిటె వేస్తూ అన్నాడు.

"మీ నాన్న కూర ఇంతకంటే బావుండేది. ఉప్పు ఎక్కువేసేవాడు గానీ, మంచి మనిషి."

"మంచివాడే" అంది డెనీస్. "ఊరందరి కిటికీలూ తెరిపించి, తనది మూసుకున్నాడు. మా స్కూలు బస్సులో కూడా అద్దాలు కొలిచేవాడు, తెలుసా? పిల్లలందరూ నా మీద నవ్వేవాళ్లు. అంత చేసినవాడు, ఇంట్లో ఒక పెళ్లాం, ఒక పిల్ల ఉన్నారని గుర్తుంచుకుని ఓ రెండు వేళ్లు తెరిచి పెట్టుకోలేకపోయాడు. చలేసిందట, పాపం."

ఆమె నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. స్పోకేన్ అన్నదమ్ముల్లో చిన్నవాడు రొట్టె తుంచుతూ ఆగిపోయాడు. గస్ గరిటెతో కుండ అడుగు గోకుతూ కూర్చున్నాడు.

ఎల్విన్ పళ్లెం కింద పెట్టి లేచాడు. తన ట్రక్కు ముందుసీటులో, కాళ్లు ముడుచుకుని, కోటు కప్పుకుని పడుకున్నాడు. అద్దం రెండు వేళ్లు తెరిచి ఉంది. ఇన్నేళ్లూ తను భయపడింది జైలుకో, ఊరి మాటలకో కాదని అతనికి తెలుసు. వాండా మొహం మారడం చూడలేననే భయం. ఆ మొహం ఇప్పుడు లేదు. ఆ భయం మాత్రం కూతురి మొహం మీదికి చేరింది. వేట అవగానే ఆమె ట్రక్కుని తుక్కుకి తోలేస్తుంది. తిట్టాల్సిన మనిషిని పక్కన పెట్టుకుని, వేరొకరిని తిట్టి వెళ్లిపోతుంది. లొవెల్ అజాగ్రత్తపరుడుగానే మిగిలిపోతాడు.

నాలుగింటికి ట్రక్కుల్లో ఒక్కొక్కటిగా దీపాలు వెలిగాయి. ఎల్విన్ చిన్న గ్యాస్ పొయ్యి మీద కాఫీ కాచి, రెండు ఇనప గ్లాసుల్లో పోసుకుని ఆకుపచ్చ ట్రక్కు దగ్గరికి నడిచాడు. వెనక తలుపు బిగించి ఉంది. చుట్టూ రబ్బరు అంచు నల్లగా, ఎక్కడా సందు లేదు. అద్దంలోంచి హీటరు ఎర్రగా కనిపిస్తోంది. గ్లాసులు రెండూ చేతిలోంచి జారిపోయాయి. పిడికిలితో అద్దం మీద బాదాడు.

"ఏంటి బాబాయ్! పగలగొడతావా?" డెనీస్ తలుపు ఎత్తింది. బూటు తాళ్లు కట్టుకుంటోంది. "పైన చూడు. కప్పుకి రంధ్రం పెట్టించా, జల్లెడంత. ఇదిగో ఈ డబ్బా, విషవాయువు వస్తే ఊరంతా లేచేలా అరుస్తుంది. హీటరు ఇప్పుడే వెలిగించా. నేను మా నాన్నని కాను."

ఎల్విన్ తొట్టి అంచు మీద కూర్చున్నాడు. కాఫీ అతని ప్యాంటు మీద పొగలు కక్కుతోంది.

"మీ నాన్న మూయలేదమ్మా."

"ఏంటి?"

"తలుపు. నేను మూశా. హీటరు కూడా నేనే వెలిగించా. ఆయన పడుకుని ఉన్నాడు. మంచు మొహం మీద పడుతోందని తొడుగు తీసేసి, మెల్లగా మూశా. లేవకూడదని మెల్లగా మూశా."

డెనీస్ చేతిలో బూటు తాడు అలాగే ఉండిపోయింది. ఎల్విన్ లోపలి జేబులోంచి తొడుగు తీసి తన పక్కన పెట్టాడు. దుప్పి తోలుది. జిడ్డు పట్టి నల్లబడింది. ఆమె దానివైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"అమ్మకి తెలుసా?"

"లేదు."

"నువ్వే చెప్పావుగా, ఆయనే మూసుకున్నాడని."

"వాళ్లన్నారు. నేను తలూపా."

అవతల ట్రక్కుల తలుపులు తెరుచుకుంటున్నాయి. మనుషులు గొణుక్కుంటూ, తుపాకులు భుజాన వేసుకుంటూ చీకట్లోకి నడుస్తున్నారు.

"ఆ రోజు నువ్వు కొట్టిన దుప్పి" అంది డెనీస్ చివరికి. "చలికాలమంతా మేం తిన్నాం. నువ్వే తెచ్చి మా ఫ్రీజర్‌లో సర్దావ్. అమ్మ నిన్ను గుమ్మం దాకా సాగనంపి, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లమో అంది. నేను పక్కనే ఉన్నా."

"నాకు గుర్తుంది."

"ఇన్నేళ్లూ నేను తిట్టింది ఎవర్ని బాబాయ్?"

ఎల్విన్ క్షమించమని అడగలేదు. అడిగితే, దాని బరువు కూడా ఆమె మీదే వేసినట్టవుతుందనిపించింది.

డెనీస్ బూటు తాడు గట్టిగా లాగి ముడేసింది. హీటరు ఆర్పింది. తుపాకీ తీసుకుని కిందికి దిగింది.

"నా వెనక రాకు. ఇక్కడ్నుంచి వెళ్లిపోకు కూడా." నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "రాత్రి మంట దగ్గర నేనన్న మాటలు అందరూ విన్నారు."

ఆమె దీపం చెట్ల మధ్య కాసేపు ఊగి, కనిపించకుండా పోయింది.

ఎల్విన్ రోజంతా అక్కడే ఉన్నాడు. పొద్దున సన్నగా వాన పడింది. తర్వాత ఎండ కాసి, తడి ప్లైవుడ్ నుంచి ఆవిరి లేచింది. కొండ మీద ఎక్కడో రెండు తుపాకులు పేలాయి. ప్రతి పేలుడికీ తలెత్తి చూశాడు. మధ్యాహ్నం రొట్టె తినబోయి మానేశాడు. ఆకుపచ్చ ట్రక్కు లోపలికి మాత్రం తొంగి చూడలేదు. వెనక తలుపు గాలికి కొట్టుకుంటుంటే, లేచి వెళ్లి మూయాలని చెయ్యి లాగింది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం వేటకాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. గస్ ఖాళీ చేతులతో, మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చాడు. ఎల్విన్ సంచీ లేకుండా అతని ట్రక్కు దగ్గరికి వెళ్లి, అద్దం మీద రెండుసార్లు కొట్టాడు.

"నిన్ననే ఇచ్చావుగా పాస్టరూ. ఇంకో బల్ల లేదు మా ఇంట్లో."

"గస్, నిన్న మా పిల్ల చెప్పింది నిజం కాదు. తనకి తెలీదు. తలుపు మూసింది లొవెల్ కాదు. నేను."

గస్ టోపీ తీసి తల రుద్దుకున్నాడు. మోకాలు నొప్పిని మరిచిపోయి కిందికి దిగి నిలబడ్డాడు.

"ఇరవై తొమ్మిదేళ్లు నా కిటికీ తట్టావ్" అన్నాడు. "ఒక్కసారి..." అని ఆపేశాడు. "కాఫీ తాగుతావా?"

"ఇంకా చాలా ట్రక్కులున్నాయి."

రెండో ట్రక్కులో స్పోకేన్ అన్నదమ్ములు. చిన్నవాడు తొందరగా, "మీరు కావాలని చేయలేదు కదండీ" అన్నాడు.

"కావాలని కాదు. కానీ చేసింది నేనే. మా అన్న ఎప్పుడూ సందు ఉంచేవాడు. అది గుర్తుపెట్టుకోండి చాలు."

పెద్దవాడు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

మూడో ట్రక్కు దగ్గర అదే మాట చెప్పాడు. ప్రతిసారీ మాటలు తగ్గుతూ వచ్చాయి. నాలుగో ట్రక్కు దగ్గర ఎవరో ఆడమనిషి కళ్లు తుడుచుకుంది. ఐదో ట్రక్కువాడు ముఖం ముడుచుకుని, వినడం అయ్యాక అద్దం పైకి లాక్కున్నాడు. రెండు వేళ్ల సందు మాత్రం ఉంచాడు. ఆరో ట్రక్కు వైపు తిరిగినప్పుడు, రోడ్డు మధ్యలో డెనీస్ నిలబడి ఉంది. తుపాకీ భుజాన ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. దగ్గరికి రాలేదు. వెళ్లిపోనూ లేదు. ఎల్విన్ ఆమె చూస్తుండగానే ఆరో ట్రక్కు అద్దం తట్టాడు.

అన్నీ అయ్యేసరికి చీకటి పడింది. ఆకుపచ్చ ట్రక్కు తొట్టిలో డెనీస్ పక్క పరుచుకుని కూర్చుంది. ఎల్విన్ పదడుగుల దూరంలో ఆగాడు.

"ఏదీ అది?" అంది ఆమె.

అతను పొద్దున మళ్లీ జేబులో పెట్టుకున్న తొడుగు తీసి, చెయ్యి బాగా చాపి అందించాడు. డెనీస్ తన కోటు జేబులోంచి రెండోది తీసింది. కుడిచేతిది. ఇన్నేళ్లూ ట్రక్కు ముందుసీటు కింద పడి ఉండటంతో బూజు పట్టి తెల్లబడి, ఎండుటాకులా అయింది. రెండిటినీ మోకాలి మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. ఒకే జత అంటే ఎవరూ నమ్మరు.

"ఎలా మడిచేవాడు?"

"అడ్డంగా ఒకసారి. మళ్లీ వేళ్లు లోపలికి."

ఆమె ఎడమ తొడుగుని అడ్డంగా మడిచింది. వేళ్లు లోపలికి తోసింది. తొట్టి అంచు మీద పెట్టి, తలుపుని దాని మీదికి దించింది. సందులో తన రెండు వేళ్లు పెట్టి చూసుకుంది.

ఎల్విన్ తన ట్రక్కు వైపు తిరిగాడు.

"బాబాయ్." సందులోంచి వచ్చింది గొంతు. "నాలుగింటికి లేపు."

"లేపుతా."

"అద్దం మీద కొట్టు చాలు. తలుపు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను" అన్నాడు ఎల్విన్.